చెవికి హెలిక్స్, చేతికి పచ్చబొట్టు: మానేదాకా రాసిన డైరీ

నవంబరు, మొదలుపెట్టక ముందు

చెవి పై అంచున, అంటే హెలిక్స్ దగ్గర, ఒక స్టడ్ పెట్టించుకోవాలని నాకు ఎన్నాళ్ళ నుంచో ఉంది. మా తమ్ముడికేమో ముంజేతి లోపలివైపు మా నాయనమ్మ పేరు తెలుగు అక్షరాల్లో టాటూ వేయించుకోవాలని. ఇద్దరం ఒకేసారి చేయించుకుంటే ఒకళ్ళని ఒకళ్ళు కనిపెట్టుకుని ఉండొచ్చని అనుకున్నాం. కుట్టడం, పొడవడం కాసేపట్లో అయిపోతాయి. మానడానికే నెలలు పడుతుంది. ఈ డైరీ ఆ మానడం గురించే.

వాడు వెంటనే వెళ్దామన్నాడు కానీ నేనే ఆపాను. కార్తీక మాసం నడుస్తోంది. పెద్దమ్మతో పాటు తెల్లవారుజామున కృష్ణలో మునగడం మా ఇంట్లో ఎప్పుడూ తప్పదు. పచ్చి గాయంతో నదిలోనూ చెరువులోనూ స్విమ్మింగ్ పూల్‌లోనూ మునగకూడదు. ఆ నీళ్ళలో ఉండే సూక్ష్మజీవులకి తెరిచిన తలుపు చూపించినట్టే. పోలి పాడ్యమి వెళ్ళాక, మార్గశిరంలో చేయించుకోవాలని నిర్ణయించాం. విజయవాడలో చెమట కాస్త తగ్గేదీ అప్పుడే.

ఈలోగా స్టూడియోలు తిరిగాం. మేం అడిగినవి ఇవి: ఆటోక్లేవ్ ఉందా, అది పనిచేస్తోందని స్పోర్ టెస్ట్ చేయిస్తారా, సూది ప్యాకెట్ మా ఎదురుగానే చింపుతారా, ఇంకు కొత్త కప్పులో పోస్తారా, పలచన చేయడానికి ఏ నీళ్ళు కలుపుతారు. ఆటోక్లేవ్ అంటే పరికరాల మీది క్రిములని ఒత్తిడితో కూడిన ఆవిరితో చంపే యంత్రం, మామూలుగా 121 డిగ్రీల సెల్సియస్ దగ్గర కనీసం 15 నిమిషాలు. వేడినీళ్ళలో మరిగించడం, స్పిరిట్‌తో తుడవడం దానికి సాటి రావు. నీళ్ళ సంగతి ఎందుకడిగామంటే, 2011 చివర్లో అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో బూడిద రంగు ఇంకుతో టాటూ వేయించుకున్నవాళ్ళకి మైకోబాక్టీరియం జాతి ఇన్‌ఫెక్షన్ వచ్చింది. పొడిచిన మనిషి చేతులు శుభ్రంగానే ఉన్నా, క్రిమి ఇంకు సీసాలోనే ఉంది. మా తమ్ముడి డిజైన్‌లో అక్షరాల కింద బూడిద షేడ్ ఉంది కాబట్టి ఈ ప్రశ్న మాకు అవసరమైంది. స్టెరైల్, అంటే క్రిములే లేని, నీళ్ళే వాడతామని చెప్పి సీసా తెచ్చి చూపించిన చోటునే ఎంచుకున్నాం. అడిగితే విసుక్కునే చోటు నుంచి లేచి వచ్చేయడమే మంచిది.

గన్‌తో కుట్టేవాళ్ళ దగ్గరికి అసలు వెళ్ళలేదు. చెవి తమ్మెకి గన్‌తో కుట్టించుకుని ఏ ఇబ్బందీ లేనివాళ్ళు మన ఇళ్ళలో బోలెడంతమంది. పై అంచు సంగతి వేరు. అక్కడ ఉండేది మృదులాస్థి. దానికి సొంతంగా రక్తనాళాలు ఉండవు, పైనున్న పలచటి పొర నుంచే పోషణ అందుతుంది. గన్‌లో స్టడ్ మొన పదును తక్కువ. అది కోసుకుంటూ పోదు, నలుపుకుంటూ దూరుతుంది. ప్లాస్టిక్ భాగాలున్న గన్‌ని ఆటోక్లేవ్‌లో పెట్టడమూ కుదరదు. 2000లో ఒరెగాన్ రాష్ట్రంలో ఒక నగల కౌంటర్‌లో చెవి పైభాగం కుట్టించుకున్నవాళ్ళకి సూడోమోనాస్ బాక్టీరియా సోకింది. కొందరికి ఆపరేషన్ అవసరమైంది, కొందరికి చెవి ఆకారమే పాడైంది. అది చదివాక బోలు సూది తప్ప ఇంకో మాట లేదనుకున్నాను.

తమ్ముడి డిజైన్ దగ్గర కాస్త వాదన జరిగింది. వాడికి అక్షరాలు సన్నగా, చిన్నగా కావాలి. మన తెలుగు అక్షరాలన్నీ గుండ్రాలే. ఏళ్ళు గడిచేకొద్దీ చర్మంలో ఇంకు గీత కొద్దిగా వెడల్పవుతుంది. చిన్న సైజులో రాయిస్తే సున్నాలు పూడిపోతాయి, గుడి దీర్ఘం మూసుకుపోతుంది. నాయనమ్మ పేరులో ‘ధ’ ఉంది. దాని అడుగున ఉండే చిన్న గీత పోయిందా, అది ‘ద’ అయి కూర్చుంటుంది. ఆర్టిస్టే కాగితం మీద రెండు సైజులూ గీసి చూపించారు. వాడు పెద్ద సైజుకి ఒప్పుకున్నాడు.

సరంజామా: 0.9 శాతం స్టెరైల్ సెలైన్, మెడికల్ షాపులో దొరికే 10 మిల్లీలీటర్ల చిన్న ప్లాస్టిక్ ఆంప్యూల్స్. పెద్ద సీసా చవకే గానీ, ఒకసారి మూత తెరిచాక అది స్టెరైల్ కాదు. ముక్కులో వేసుకునే సెలైన్ చుక్కలు దీనికి పనికిరావు, వాటిలో ఉప్పు శాతం వేరు, చాలావాటిలో నిల్వ ఉండటానికి మందు కూడా కలుపుతారు. ఇంకా గాజు గుడ్డ ముక్కలు, వాసన లేని సబ్బు, పేపర్ టవల్స్, వాసన లేని మాయిశ్చరైజర్, ఉతికిన దిండు గలీబులు ఎక్కువగా. దూది కొనలేదు. దాని పోగులు కడ్డీకి చుట్టుకుంటాయి.

డిసెంబరు, కుట్టించిన రోజు

నాకు పట్టింది కొద్ది క్షణాలే. పదహారో గేజు, అంటే సుమారు 1.2 మిల్లీమీటర్ల మందం. వెనక చదునైన బిళ్ళ ఉన్న టైటానియం స్టడ్ పెట్టారు. అది శరీరం లోపల అమర్చే ఇంప్లాంట్లకి వాడే రకం, ఏఎస్‌టీఎం ఎఫ్‌-136. నికెల్ పడనివాళ్ళకి చవకరకం స్టీలు కమ్మలతో దురద, రసి వస్తాయి. అది ఇన్‌ఫెక్షన్ అనుకుని మందులు వాడుతూనే ఉంటారు, కమ్మ మాత్రం మార్చరు. వెండి కూడా పచ్చి గాయానికి పనికిరాదు, తడికి నల్లబడుతుంది.

కడ్డీ చూస్తే కావలసినదానికన్నా పొడుగ్గా అనిపించింది. అడిగితే వాపుకి చోటు కోసమని చెప్పారు. పొట్టిది పెడితే, చెవి వాచినప్పుడు వెనక బిళ్ళ చర్మంలోకి దిగబడిపోతుంది. వాపు తగ్గాక మళ్ళీ వచ్చి పొట్టి కడ్డీ వేయించుకోమన్నారు.

తమ్ముడికి చాలాసేపు పట్టింది. అయిపోయాక కడిగి, పారదర్శకంగా ఉండే పాలియురెథేన్ ఫిల్మ్ అతికించారు. ఆసుపత్రుల్లో సెలైన్ సూది మీద వేసే పలచటి ప్లాస్టరు లాంటిదే.

మొదటి వారం

మర్నాడు పొద్దున్నే వాడు చెయ్యి పట్టుకుని నా గదిలోకి వచ్చాడు. “అక్కా, ఇంకంతా కారిపోయింది చూడు!” ఫిల్మ్ కింద నల్లటి ద్రవం చిన్న సంచిలా నిలబడింది. చెయ్యి వంచితే అటూ ఇటూ కదులుతోంది, అక్షరాలు కనబడటం లేదు. చూసినవాళ్ళకి టెన్షన్ రావడం సహజమే. అందులో ఎక్కువ భాగం గాయంలోంచి ఊరే రసి, దానికి తోడు చర్మం పైపొరలో మిగిలిపోయిన ఇంకు, కాస్త నెత్తురు. నిలవాల్సిన ఇంకు అడుగుపొరలో భద్రంగా ఉంది. ఆ ద్రవం అంచు నుంచి బయటికి కారితే మాత్రం ఫిల్మ్ తీసేయాలి. కారే దారి ఉందంటే బయటి నుంచి లోపలికీ దారి ఉన్నట్టే.

సాయంత్రానికి అంచు లేచింది. తీసేశాం. తీయడంలో ఒక పద్ధతి ఉంది. గోరువెచ్చటి నీళ్ళ ధార కింద చెయ్యి పెట్టి, ఫిల్మ్‌ని పైకి లాగకుండా చర్మం వెంబడే పక్కకి సాగదీయాలి. సాగేకొద్దీ జిగురు వదిలేస్తుంది. పైకి లాగితే ఫిల్మ్‌తో పాటు చర్మం కూడా లేస్తుంది. జిడ్డు పోయేదాకా వేళ్ళతో, సబ్బు నురగతో మెల్లగా కడిగాడు. పీచు, తుండుగుడ్డ వద్దని ముందే చెప్పాను. పేపర్ టవల్‌తో అద్ది, పది నిమిషాలు గాలికి ఆరనిచ్చాం. కొత్త ఫిల్మ్ వేసి ఇంకో నాలుగు రోజులు ఉంచమన్నారు, అలాగే ఉంచాం.

నా చెవికి మొదటి రాత్రులు సలుపు బాగానే ఉంది. పై అంచు ఎర్రబడి, ముట్టుకుంటే వెచ్చగా ఉంది. ఎడమ చెవికి కుట్టించుకున్నాను కాబట్టి కుడివైపు తిరిగి పడుకున్నాను. నిద్రలో ఎడమవైపు దొర్లినా ఒత్తిడి పడకుండా, మధ్యలో కన్నం ఉండే ప్రయాణాల దిండు తలకింద పెట్టి చెవిని ఆ కన్నంలో ఉంచుకున్నాను. హెలిక్స్ కుట్టించుకునేవాళ్ళు ముందు కొనాల్సింది ఆ దిండే.

శుభ్రం చేయడం పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి. చేతులు సబ్బుతో కడుక్కుని, గాజు గుడ్డ సెలైన్‌లో తడిపి ముందూ వెనకా కాసేపు ఆన్చి ఉంచడం. ఎండిన రసి నానితే అదే వస్తుంది, రానిది వదిలేయాలి. తర్వాత పొడిగా అద్దడం. తడి మిగిలితే కన్నం చుట్టూ చర్మం నానుతుంది. అంతే, ఇంకేమీ లేదు. స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్, డెటాల్ లాంటివి వద్దు. అవి క్రిమితో పాటు కొత్తగా పుట్టే కణాలనీ చంపుతాయి.

కమ్మ తిప్పడం గురించి. తిప్పకపోతే అతుక్కుపోతుందని చిన్నప్పుడు మాకందరికీ చెప్పేవారు. నిజానికి కన్నం లోపల చర్మం ముందు నుంచీ వెనక నుంచీ మొదలై, మధ్యలో కలుసుకునేదాకా పెరుగుతుంది. తిప్పిన ప్రతిసారీ ఆ లేత పొర తెగుతుంది, బయట ఎండిన రసి గరుకుగా లోపలికి పోతుంది. ముట్టుకోకపోవడమే ఇక్కడ పని.

ఇదే మాట పెద్దమ్మకి చెప్పడం అంత తేలిక కాలేదు. “పసుపూ కొబ్బరినూనే రాయకుండా పుండు ఎట్టా మానుద్దే? నీకూ నీ తమ్ముడికీ చెవులు కుట్టిస్తే ఆచారి గారు ఏం రాశారనుకున్నావు?” అంది. ఆవిడ ముక్కు కుట్టినప్పుడైతే బంగారం పెట్టేదాకా వేపపుల్ల పెట్టి ఉంచారట. ఆవిడ చెప్పేది ఊరికే కొట్టేయలేను. తమ్మెలో రక్తప్రసరణ బాగుంటుంది, ఆరు నుంచి ఎనిమిది వారాల్లో మానుతుంది, చిన్న చిన్న పొరపాట్లు ఓర్చుకుంటుంది. మన ఇళ్ళలో చూసిన అనుభవమంతా తమ్మెల మీద వచ్చిందే. మృదులాస్థికి ఆ ఓర్పు లేదు. వంటింటి పసుపు స్టెరైల్ కాదు, దాని పొడి కన్నంలో ఇరుక్కుంటుంది. నూనె దాన్ని అక్కడే పట్టి ఉంచుతుంది, గాలి ఆడనివ్వదు. “అది మెత్తటి ఎముక పెద్దమ్మా, తమ్మె కాదు. దానికి నెత్తురు సరిగ్గా అందదు, ఏదన్నా పట్టుకుంటే వదలదు” అన్నాను. ఆవిడ తన చెవి పైభాగం మడిచి చూసుకుని, సరేలెమ్మంది. ఆ తర్వాత పొద్దున్నే “ఉప్పునీళ్ళు పెట్టుకున్నావా” అని నన్ను ఆవిడే అడిగేది.

డిసెంబరు రెండో సగం

ఫిల్మ్ పూర్తిగా తీసేశాక పొట్టు లేవడం మొదలైంది. బాగా దగ్గరగా చూస్తే, ప్రతి అక్షరం మీదా ఉల్లిపొర లాంటి పలచటి పొర, అంచులు లేచి, ఆ పొరలో కూడా అక్షరం నల్లగా అచ్చుపడి ఉంది. స్నానం చేసినప్పుడు ‘ల’లో సగం నీళ్ళలో కొట్టుకుపోతుంటే చూసి వాడికి గుండె ఆగినంత పనైంది.

వాడికి నేను చెప్పింది ఇది. సూది దిగేది ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల లోతుకి. పైచర్మం ఎప్పుడూ రాలుతూ కొత్తది వస్తూనే ఉంటుంది, అందులో పడిన ఇంకు దానితో పోవాల్సిందే. కింద చర్మంలో పడిన ఇంకుని మాక్రోఫేజులనే కణాలు మింగి పెట్టుకుంటాయి. 2018లో ఫ్రాన్స్‌లోని మార్సేలో శాస్త్రవేత్తలు ఎలుకల మీద చూసిందేమిటంటే, ఆ కణాలు చచ్చిపోయినప్పుడు వదిలిన రంగుని పక్కనే కొత్తగా వచ్చిన మాక్రోఫేజులు మళ్ళీ మింగుతాయి. పచ్చబొట్టు ఏళ్ళ తరబడి నిలిచేది ఇలా చేతులు మారుతూనే. ఆదిలాబాద్ గోండు ఇళ్ళలో తోటి తెగ ఆడవాళ్ళు పొడిచిన పచ్చబొట్లు ముసలితనం దాకా నిలిచినా, ఇంగ్లిష్ మెషిన్‌తో వేసిన టాటూ నిలిచినా, చర్మం చేసే పని ఒకటే.

పొట్టుకన్నా దురద ఎక్కువ బాధపెట్టింది. గోకితే పక్కుతో పాటు అడుగు ఇంకు కూడా లేచి, అక్కడ తెల్లటి ఖాళీ పడుతుంది. దురద వచ్చినప్పుడు పక్కన అరచేత్తో మెల్లగా తట్టడం, మాయిశ్చరైజర్ చాలా పలచగా రాయడం. పలచగా అంటే, రాశాక చర్మం మెరవకూడదు. ఎక్కువ రాస్తే పక్కులు నాని మెత్తబడి, సమయం రాకముందే ఊడతాయి. రాత్రి దోమలకి తెలియకుండా గోక్కుంటాడని దోమతెర కట్టాం, గోళ్ళు పొట్టిగా తీయించాం.

ఇంట్లో ఫ్రిజ్ తలుపులో మందుల డబ్బా ఉంటుంది కదా, అందులో రెండు ట్యూబులు మా వాడి చేతికి చిక్కాయి. ఒకటి నియోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఉన్న ఆయింట్‌మెంట్. అది కొందరి చర్మానికి పడక దద్దుర్లు లేస్తాయి, అప్పుడు ఏది గాయం ఎరుపో, ఏది మందు ఎరుపో తెలియదు. రెండోది స్టెరాయిడ్ క్రీము, మన ఊళ్ళో అడిగితే చీటీ లేకుండా ఇచ్చేసేదే. స్టెరాయిడ్ దురద తగ్గిస్తుంది, దానితో పాటు మానడాన్నీ నెమ్మదింపజేస్తుంది. ఇన్‌ఫెక్షన్ ఉంటే దాన్ని కప్పిపెడుతుంది. డాక్టర్ రాయనిదే రెండూ వద్దు. యాంటీబయాటిక్ పౌడర్ కూడా పక్కన పెట్టేశాం, అది రసితో కలిసి గట్టి పెచ్చు కడుతుంది.

క్రికెట్ మానేసి ఉండమంటే వాడు ఒప్పుకున్నాడు, జిమ్ మానమంటే ఒప్పుకోలేదు. బెంచీ మీద చెయ్యి ఆనించే వ్యాయామాలు వదిలేసి, వదులు ఫుల్ చేతుల కాటన్ చొక్కా వేసుకుని వెళ్ళి, రాగానే కడుక్కునేటట్టు రాజీకొచ్చాం.

జనవరి, సంక్రాంతి

సంక్రాంతికి తలంటు. కుంకుడుకాయ రసం కంట్లో పడితేనే ఓర్చుకోలేం, మానని కన్నంలోకి పోనివ్వకూడదు. తల ముందుకి వంచి, జుట్టంతా కుడివైపు వేసుకుని, అమ్మ చేత పోయించుకున్నాను. నూనె నెత్తి మీదే ఆపి, చెవి వెనక రాయనివ్వలేదు. ఆఖర్న మంచినీళ్ళు చెవి మీదుగా ధారగా పోసి, పొడిగా అద్దాను. జుట్టు కడ్డీకి చుట్టుకోవడం ఈ నెలల్లో రోజూ ఉండే సమస్య. దువ్వెన పట్టే ముందు ఎడమవైపు జుట్టు వేళ్ళతో పక్కకి తీయడం అలవాటు చేసుకున్నాను.

పట్టుచీర కట్టినప్పుడు మాటీలు పెట్టుకోమన్నారు. చెవి పైనుంచి గొలుసు వెళ్ళే నగ ఏదైనా ఈ ఏడాదికి లేదని చెప్పేశాను. హెలిక్స్ పూర్తిగా మానడానికి ఆరు నెలల నుంచి ఏడాది దాకా పడుతుంది. బుట్టకమ్మల బరువు తమ్మె మీదే ఉంటుంది కాబట్టి అవి సరే.

భోగి మంట దగ్గర తమ్ముడు చొక్కా చేతులు దింపుకుని దూరంగా నిలబడ్డాడు. కొత్త చర్మానికి వేడి మంటగా తగులుతుంది. టాటూ అప్పటికి పైకి మానిపోయినట్టే ఉంది, కాకపోతే పాలపొర కప్పినట్టు మసకగా కనబడుతోంది. పై చర్మం రెండు మూడు వారాల్లో మూసుకుంటుంది, అడుగున సర్దుకోవడానికి ఇంకో రెండు మూడు నెలలు. మసక ఆ మధ్యకాలంది.

ఫిబ్రవరి, బుడిపె

వాపు పూర్తిగా తగ్గాక స్టూడియోకి వెళ్ళి కడ్డీ పొట్టిది వేయించాను. మానకుండా మనమే ఇంట్లో మార్చడానికి ప్రయత్నిస్తే, కన్నం లోపలికి ముడుచుకుపోయి కడ్డీ మళ్ళీ దూరకపోవచ్చు. వాళ్ళు టేపర్ అనే మొన సన్నటి పుల్ల పెట్టి, కన్నం ఖాళీ అవకుండా మార్చారు.

కడ్డీ మార్చిన కొన్నాళ్ళకే వెనకవైపు, కన్నం పక్కన, చిన్న ఎర్రటి బుడిపె లేచింది. ముట్టుకుంటే తడిగా ఉంది. ఇంట్లో అందరూ కెలాయిడ్, అంటే గాయం మచ్చ గడ్డలా పెరిగిపోవడం, అన్నారు. మా చిన్నాన్న గారికి ఛాతీ మీద కెలాయిడ్ ఉంది కాబట్టి ఆ భయం తీసిపారేసేది కాదు. అది కుటుంబంలో నడుస్తుంది, ముదురు రంగు చర్మం ఉన్నవాళ్ళలో ఎక్కువ. చర్మవైద్యుల దగ్గరికి వెళ్ళాం. ఆవిడ చూపించిన తేడా ఇలా ఉంది. రాపిడి వల్ల వచ్చే బుడిపె కన్నం అంచునే ఉంటుంది, కొన్ని వారాల్లో లేస్తుంది, కారణం తీసేస్తే అణుగుతుంది. కెలాయిడ్ మెల్లగా నెలల తరబడి పెరుగుతుంది, గట్టిగా ఉంటుంది, గాయం హద్దు దాటి చుట్టుపక్కల మంచి చర్మంలోకి పాకుతుంది. దానికి ట్రయామ్సినలోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు, సిలికాన్ జెల్, ఒత్తిడి కమ్మలు లాంటి వైద్యం చేయాలి, కోసేస్తే తరచూ మళ్ళీ వస్తుంది. నాది మొదటి రకం.

కారణం వెతికితే హెల్మెట్ దొరికింది. బందరు రోడ్డులో రోజూ స్కూటీ మీద ఆఫీసుకి వెళ్ళి రావడం. లోపలి మెత్త సరిగ్గా చెవి పైభాగానికి తగిలి, తీసినప్పుడల్లా స్టడ్‌ని పైకి లాగుతోంది. హెల్మెట్ మానేసే ప్రశ్నే లేదు. చెవుల దగ్గర లోతుగా గుంట ఉండే రకం కొన్నాను. పెట్టుకునేటప్పుడూ తీసేటప్పుడూ పట్టీలు రెండూ బయటికి బాగా లాగి, చెవికి తగలకుండా దించుతున్నాను. ఎక్కువ దూరమైతే బస్సు. మాస్కు చెవికి తగిలించే రకం మాని, తల వెనక కట్టేది తీసుకున్నాను. ఫోన్ కుడి చెవికే. ఈ మార్పులతో బుడిపె పొడిబారి, మార్చి మధ్యకల్లా అణిగింది. టీ ట్రీ ఆయిల్ రాయమని, ఆస్పిరిన్ ముద్ద పెట్టమని చెప్పినవాళ్ళున్నారు. అవి రెండూ చర్మాన్ని కాలుస్తాయి, రాపిడిని ఆపవు.

డాక్టర్ గారిని ఏ లక్షణాలకి భయపడాలో కూడా అడిగి రాసుకున్నాను. చెవి పైభాగమంతా ఎర్రబడి, వేడెక్కి, వాచి, విపరీతంగా నొప్పి పెడుతూ, తమ్మె మాత్రం మామూలుగా ఉందంటే, అది మృదులాస్థి పొరకి సోకిన ఇన్‌ఫెక్షన్ కావచ్చు. ఆ రోజే ఈఎన్‌టీ దగ్గరికి పరిగెత్తాలి. దానికి వాడే యాంటీబయాటిక్ మామూలు పుండుకి రాసేదానికన్నా వేరు, సూడోమోనాస్‌ని చంపేది కావాలి. ఆలస్యమైతే చీము మృదులాస్థిని తినేసి చెవి ముడుచుకుపోతుంది. చీము పట్టింది కదా అని కమ్మ మనమే తీసేయకూడదు. కన్నం మూసుకుంటే చీము లోపలే ఉండిపోతుంది, తీయాలో వద్దో డాక్టర్ చెప్తారు. పసుపుపచ్చగా, ఆకుపచ్చగా, చిక్కగా, వాసనతో వస్తే చీము. తెల్లగా, పలచగా వచ్చి పెచ్చు కట్టేది రసి, దానికి కంగారు పడక్కర్లేదు. టాటూకైతే జ్వరం, రోజురోజుకీ పెరిగే ఎరుపు, చేతి పైకి పాకే ఎర్ర చారలు. వారాల తర్వాత అక్షరాల మీద చిన్న చిన్న పొక్కులు వచ్చి తగ్గకపోతే కూడా చూపించాలి, మైకోబాక్టీరియం అలా ఆలస్యంగానే బయటపడుతుంది. ఎర్ర ఇంకు వేసిన చోట మాత్రమే దద్దులా లేస్తే అది ఎలర్జీ కావచ్చు, రంగుల్లో ఎక్కువగా పడనిది ఎరుపే.

మార్చి నుంచి మే దాకా

‘ధ’ కింద గీత కొద్దిగా పలచబడింది. మిగతా అక్షరాలు నల్లగా నిలిచాయి. ఉగాదికి ముందు టచప్ చేయించుకున్నాడు, ఆ గోరంత చోటు కడగడం, ఆరబెట్టడం, పొట్టు రాలడం అన్నీ మళ్ళీ మొదటి నుంచి. ఈసారి వాడే అన్నీ చూసుకున్నాడు, నన్ను పిలవలేదు.

ఎండలు ముదిరాక టాటూకి అసలు శత్రువు ఎండే. పచ్చిగా ఉన్నప్పుడు సన్‌స్క్రీన్ రాయకూడదు, బట్టతో కప్పాలి. మానాక ఎస్‌పీఎఫ్ 30 లేదా అంతకు మించి, బయటికి వెళ్ళే ముందు, మళ్ళీ రెండు గంటలకోసారి. అతినీలలోహిత కిరణాలు ఇంకు కణాలని విడగొడతాయి, గీతలు వెలిసిపోతాయి. బండి మీద వెళ్తే ముంజేయి నేరుగా ఎండకే ఉంటుంది, కాబట్టి వాడికి కాటన్ స్లీవ్స్ కొన్నాం.

నా చెవికి చెమట. మే నెలలో మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి కడ్డీ చుట్టూ ఉప్పు తెల్లగా పేరుకుంటోంది. సెలైన్‌తో కడగడం ఒక పూటకి తగ్గించినదాన్ని మళ్ళీ రెండు పూటలు చేశాను. స్కార్ఫ్ కట్టుకునేటప్పుడు ముడి కుడివైపుకి. ఆవకాయ పెట్టిన రోజుల్లో కారం చేతులతో చెవి దగ్గరికి వెళ్ళకుండా జుట్టంతా గుడ్డతో బిగించి కట్టేశాను.

తమ్ముడి ఆఫీసులో రక్తదాన శిబిరం పెడితే వాడు వెనక్కి వచ్చేశాడు. టాటూగానీ పియర్సింగ్‌గానీ చేయించుకున్నాక కొన్ని నెలల పాటు రక్తం తీసుకోరు, హెపటైటిస్ లాంటివి సోకి ఉంటే పరీక్షలో తేలడానికి సమయం పడుతుంది కాబట్టి. అక్కడ అడిగినప్పుడు దాచకుండా చెప్పాలి.

జూన్

టాటూ పని అయిపోయినట్టే. పాలపొర పోయింది, బూడిద షేడ్ సమంగా ఉంది, ‘ధ’ ‘ధ’లాగే ఉంది. వేలితో తడిమితే చర్మం ఎక్కడా ఎత్తుగా తగలడం లేదు.

చెవి ఇంకా అవలేదు. నొప్పి లేదు, ఎరుపు లేదు, కానీ వారానికోసారైనా పొద్దున్నే చిన్న పెచ్చు కనబడుతోంది. అంటే లోపలి పొర ఇంకా గట్టిపడలేదు. అందుకే టైటానియమే ఉంచుతున్నాను. పెచ్చు కనబడటం పూర్తిగా ఆగాక బంగారు రింగు పెట్టించుకుంటాను. రింగు కదులుతూ ఉంటుంది కాబట్టి మానకముందు వద్దన్నారు. ఆచారి గారికి కొలతలు ఇచ్చి వచ్చాను. తీగ మందం 1.2 మిల్లీమీటర్లు, ఇప్పుడున్న కడ్డీ అంతే, సన్నగా ఉంటే కన్నాన్ని కోస్తుంది. 22 క్యారెట్లు అన్నారు ఆయన. అది మెత్తన, గీతలు పడి ఆ గీతల్లో మురికి చేరుతుందని 18 అడిగాను, నికెల్ కలపని మిశ్రమం. చివర్లు గుండ్రంగా నునుపు చేసి ఇస్తానన్నారు. ఈ వర్షాకాలంలో తడి జుట్టు చెవి మీద ఆరకుండా చూసుకోవడం, హెల్మెట్ లోపలి మెత్త విప్పి ఉతకడం నా వంతు.